మాటలు లేని ఇంట్లో పుట్టిన నటుడు – లాన్ చేనీ (1883–1930)

ఈ ప్రత్యేక సంచికలో కీర్తిశేషులైన ప్రముఖుల జీవితాలు వేస్తున్నామనీ, నన్ను కూడా ఒకటి రాసి ఇమ్మనీ సంపాదకులు కోరినప్పుడు కొంత తటపటాయించాను. దేశనాయకుల గురించి, సంఘసంస్కర్తల గురించి రాయడానికి మన సభ్యుల్లో నాకంటె చదువరులు, సమర్థులు చాలామంది ఉన్నారు. అందుచేత మరెవరూ ఎంచుకోరని నమ్మకమున్న మనిషిని ఎంచుకున్నాను. అతడు అమెరికా దేశపు మూకీ సినిమాల నటుడు. పేరు లాన్ చేనీ. వికృతరూపాలు, భయానక పాత్రలు ధరించి ప్రపంచమంతటా పేరు పొందినవాడు. పెన్షనర్ల పత్రికలో దయ్యం వేషాలవాడి కథ ఏమిటని ఒకరిద్దరు నవ్వుకోవచ్చు. కారణం మనవి చేసుకుంటాను.

ఆరేడేళ్లుగా నా వినికిడి తగ్గిపోతూ వచ్చింది. సర్వీసులో ఉండగా మా సెక్షన్లో నాలుగు టైపుమిషన్లు ఒక్కసారి మోగుతున్నా, అవతలి బల్ల దగ్గర ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో గుసగుసలాడుకుంటుంటే పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు పక్కన కూర్చుని పిలిచినా రెండోసారి పిలవాలి. చెవి మిషను కొన్నాం గాని, అది పెట్టుకుంటే మనిషి మాటకంటె ముందు ఫ్యాను చప్పుడూ, వంటింట్లో గిన్నెల చప్పుడూ చెవిలో పడతాయి. అందరూ టీవీ చూస్తూ నవ్వినప్పుడు నేను కూడా ఒక క్షణం ఆలస్యంగా నవ్వడం అలవాటు చేసుకున్నాను. ఈ సంగతి కనిపెట్టినవాడు మా మనవడు. సెలవులకు వచ్చినప్పుడు, ఎవరూ మాట్లాడని సినిమా ఒకటుందనీ, అది చూసేటప్పుడు వాడికీ నాకూ తేడా ఉండదనీ చెప్పి టీవీలో పెట్టాడు. అది 1925లో వచ్చిన 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'. ఒపెరా అంటే పాటలతో నడిచే సంగీత నాటకం, అది ఆడే నాటకశాల కూడా. ఫాంటమ్ అంటే భూతం. ఆ నాటకశాలను పట్టుకున్న భూతం కథ అది.

ఆ సినిమా సంగతి దాని వరుసలో చెబుతాను. చూసిన తరువాత ఆ భూతం వేషం కట్టినవాడెవరా అని మనవడిచేత పుస్తకాలు తెప్పించుకుని చదివాను. ఆ చదువు ఫలితమే ఈ వ్యాసం.

లాన్ చేనీ 1883 ఏప్రిల్ 1వ తేదీన కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో పుట్టాడు. పెట్టిన పేరు లియోనిడాస్ ఫ్రాంక్ చేనీ. తండ్రి ఫ్రాంక్ క్షురక వృత్తి చేసేవాడు. తల్లి ఎమ్మా. దంపతులిద్దరికీ చెవులు వినపడవు, మాట రాదు. ఎమ్మా తండ్రి జొనాథన్ కెన్నెడీ 1874లో ఆ ప్రాంతంలో బధిరుల పాఠశాల నెలకొల్పినవాడు. ఆ బడి తొలి విద్యార్థుల్లో తన బిడ్డలూ ఉన్నారు. ఆ బడి ఇప్పటికీ కొలరాడో స్ప్రింగ్స్‌లో నడుస్తున్నది.

ఆ రోజుల్లో సైగల భాషకు గౌరవం లేదు. చేనీ పుట్టడానికి మూడేళ్ల ముందు, 1880లో, ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల ఉపాధ్యాయులు పెద్ద సభ జరిపి, పిల్లలకు సైగలు మాన్పించి పెదవుల కదలిక చూసి మాట్లాడడమే నేర్పాలని తీర్మానం చేశారు. ఆ తీర్మానం చేసినవారిలో దాదాపు అందరూ చెవులు వినపడేవారే. చెవిటివారి బాధ ఏమిటో వారిని అడగకుండానే నిర్ణయించడం అప్పటికే ఉన్నదన్నమాట.

చేనీకి వినికిడి బాగానే ఉండేది. అయినా ఇంట్లో నడిచేది చేతుల భాష, కళ్ల భాష. బిడ్డ ఏడిస్తే తల్లికి వినపడదు, చూడాలి. తల్లికి చెప్పదలచుకున్నది బిడ్డ ముఖం మీద, వేళ్ల మీద కనపడాలి. చేనీకి తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి ఆమెకు కీళ్లవాతం ముదిరి మంచాన పడింది. నాలుగో తరగతితో అతని చదువు ఆగిపోయింది. కుర్రవాడు ఇంటిపట్టున ఉండి తల్లికి సపర్యలు చేశాడు. ఊళ్లోకి వెళ్లి వచ్చి, అక్కడ ఎవరు ఎలా నడిచారో, ఎవరి మీద ఎవరు కోపగించారో మంచం ముందు నిలబడి ఆడి చూపించేవాడు. గదిలోంచి కదలలేని, ఏదీ వినలేని తల్లికి బయటి లోకమంతా ఆ పిల్లవాడి ఒంటి మీదే వచ్చి చేరింది. తరువాతి కాలంలో లక్షలాది ప్రేక్షకులు డబ్బిచ్చి చూసిన విద్యకు తొలి ప్రేక్షకురాలు ఆమె ఒక్కర్తే.

కొంత పెద్దయ్యాక పధ్నాలుగు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న పైక్స్ పీక్ కొండకు యాత్రికులను తీసుకువెళ్లే పని చేశాడు. గోడలకు కాగితాలు అంటించే పని, తివాచీలు పరిచే పని నేర్చాడు. అన్న జాన్ ఊళ్లోని ఒపెరా హవుసులో పనిచేస్తుండేవాడు. చేనీ కూడా అందులో రంగస్థల సామాన్లు అందించే కుర్రవాడిగా చేరాడు. 1902లో 'ది లిటిల్ టైకూన్' అనే సంగీత నాటకంలో మొదటిసారి వేషం వేశాడు. తరువాత ఊరూరా తిరిగే నాటక సమాజాలతో వెళ్లిపోయాడు. మన సురభివారి లాగానే వారిదీ మూటాముల్లె నెత్తిన పెట్టుకున్న బతుకు. వేషం వేయడం, నృత్యం కూర్చడం, తెరలు కట్టడం, లెక్కలు చూడడం అన్నీ ఒక్కడే చేయాలి.

1905లో ఓక్లహోమా నగరంలో క్లీవా క్రైటన్ అనే పదహారేళ్ల గాయని ఆ సమాజంలో చేరింది. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1906 ఫిబ్రవరి 10న కొడుకు పుట్టాడు. పేరు క్రైటన్. 1910 ప్రాంతాన కాలిఫోర్నియా చేరారు. క్లీవాకు మంచి గొంతు. లాస్ ఏంజెలెస్‌లో ఆమె పాటకు గిరాకీ పెరిగింది. చేనీ నాటకాల పనిలో ఊళ్లు తిరుగుతుండేవాడు. సంసారంలో కలతలు ముదిరాయి. 1913 ఏప్రిల్ 30న క్లీవా, చేనీ మేనేజరుగా ఉన్న నాటకం జరుగుతున్న మెజెస్టిక్ థియేటరుకు వెళ్లి అక్కడే విషం తాగింది. ప్రాణం దక్కింది. గొంతు పోయింది. మళ్లీ పాడలేకపోయింది.

ఇక్కడ చదవడం ఆపి కొంతసేపు కూర్చున్నాను. మాట లేని తల్లికి నోరూ చెవులూ తానే అయిన మనిషి, గొంతు పోయిన భార్యను విడిచిపెట్టాడు. విడాకులు అయ్యాయి. పిల్లవాణ్ణి ఆమెకు ఇవ్వలేదు. కొన్నాళ్లు వసతి బడుల్లో పెట్టాడు. ఆలుమగల మధ్య ఏమి జరిగిందో, తప్పు ఎవరిది ఎంతో, నూరేళ్ల తరువాత కాగితాలు చూసి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. కాని ఈ సంగతి తీసిపెట్టి అతని జీవితం రాయడం నాకు న్యాయంగా తోచలేదు. చేనీ 1915లో అదే నాటక సమాజంలో పనిచేసిన హేజెల్ హేస్టింగ్స్‌ను వివాహం చేసుకుని, కొడుకును ఇంటికి తెచ్చుకున్నాడు. ఆమె ఆ పిల్లవాణ్ణి పెంచింది.

థియేటరులో జరిగిన గొడవ వల్ల నాటకరంగంలో చేనీ పేరు చెడింది. పని దొరకక సినిమాలకు వెళ్లాడు. అప్పట్లో నాటకాలవాళ్లకు సినిమా చిన్నతనం. యూనివర్సల్ స్టూడియోలో రోజుకూలి వేషాలతో మొదలుపెట్టాడు. ఉదయం ఏ పాత్రకు మనిషి కావాలంటే ఆ పాత్రకు తయారై నిలబడేవాడు. ముసలివాడు కావాలంటే ముసలివాడు, చైనావాడు కావాలంటే చైనావాడు, కుంటివాడు కావాలంటే కుంటివాడు. రంగులూ, మైనమూ, దూదీ, జుట్టూ ఉన్న చిన్న పెట్టె ఒకటి ఎప్పుడూ చేతిలో ఉండేది. ఆ రోజుల్లో మేకప్ వేయడానికి వేరే మనిషి ఉండడు. నటుడే వేసుకోవాలి. ఆ పెట్టె ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని మ్యూజియంలో భద్రంగా ఉంది.

అక్కడ అయిదేళ్లు పనిచేసి, వందకు పైగా చిన్నా పెద్దా వేషాలు వేసిన తరువాత, వారానికి 125 డాలర్లు జీతం కావాలని అడిగాడు. వంద డాలర్లకు మించి ఏనాటికీ విలువ చేయవని స్టూడియో మేనేజరు తేల్చి చెప్పాడట. ఇంక్రిమెంటు కోసం అర్జీ పెట్టుకుని, రిమార్కు చదువుకుని వెనక్కి వచ్చి కూర్చున్న అనుభవం మనలో ఎవరికి లేదు? మనం కూర్చున్నాం. చేనీ పెట్టె తీసుకుని బయటకు నడిచాడు. కొన్ని నెలలు చాలా ఇబ్బంది పడ్డాడు. 1918లో ఒక మంచి వేషం దొరికింది. 1919లో వచ్చిన 'ది మిరకిల్ మాన్' చిత్రంతో దశ తిరిగింది. అందులో అతడు వంకర కాళ్లూ చేతులూ ఉన్నట్లు నటించి ముష్టి ఎత్తే మోసగాడు. అందరూ చూస్తుండగా ఒక్కొక్క అవయవం సాగదీసుకుంటూ లేచి నిలబడే దృశ్యం జనాన్ని విస్మయపరిచింది. ఆ చిత్రం నేడు లేదు. కొన్ని నిమిషాల ముక్క మాత్రం మిగిలింది.

1920లో 'ది పెనాల్టీ' చిత్రంలో రెండు కాళ్లూ మోకాళ్ల దగ్గర తెగిన దొంగల నాయకుడిగా నటించాడు. కాళ్లు వెనక్కి మడిచి పటకాలతో బిగించి కట్టుకుని, మోకాళ్లను తోలు బుట్టల్లో దూర్చి నడిచాడు. రక్తం ఆడక కొద్ది నిమిషాలకు మించి నిలవలేకపోయేవాడు. 1923లో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా తీసిన 'ది హంచ్‌బాక్ ఆఫ్ నోట్రడామ్'లో గూనివాడు క్వాసిమోడో అతడే. ఇది తీసింది ఒకప్పుడు అతనికి 125 డాలర్లు ఇవ్వనన్న యూనివర్సల్ సంస్థే. క్వాసిమోడో చర్చిలో గంటలు కొట్టి కొట్టి చెవుడు వచ్చిన మనిషి అని హ్యూగో రాశాడు. ఆ గూని బరువు ఎన్ని పౌన్లో చెప్పి పత్రికలవాళ్లు ఒకరికంటె ఒకరు ఎక్కువ ప్రచారం చేశారు. చెవిటివాడు లోకాన్ని ఎలా చూస్తాడో చేనీకి ఎవరూ నేర్పనవసరం లేదన్న సంగతి వాళ్లకు అంత ముఖ్యంగా తోచలేదు కాబోలు.

ఇక 'ఫాంటమ్' సంగతి. ఫ్రెంచి రచయిత గాస్టన్ లరూ నవల దీనికి మూలం. ప్యారిస్ ఒపెరా భవనం అడుగున నేలమాళిగలు, వాటి కింద నీటి మడుగు. అక్కడ ఎరిక్ అనే వికృతరూపి ముఖానికి ముసుగు వేసుకుని దాక్కుని ఉంటాడు. గొప్ప సంగీతజ్ఞుడు. క్రిస్టీన్ అనే చిన్న గాయనికి గోడ వెనుక నుంచి గొంతు మాత్రం వినిపిస్తూ సంగీతం నేర్పి, ఆమెను ప్రధాన గాయనిని చేయాలని నాటకశాల యజమానులను బెదిరిస్తాడు. మాట వినకపోతే నిండు సభ మీద పెద్ద షాండ్లియర్ దీపం తెంపి పడేస్తాడు. ఆఖరికి ఆమెను తన గుహకు తీసుకుపోతాడు. ఈ కథ కోసం యూనివర్సల్ వారు ఇనుముతో, కాంక్రీటుతో ప్రత్యేకంగా ఒక స్టేజీ నిర్మించి అందులో ప్యారిస్ నాటకశాల లోపలి భాగం కట్టారు. ఆ స్టేజీ 2014 వరకు నిలిచింది. దానిని పడగొట్టేటప్పుడు నాటకశాల సెట్టును విప్పి దాచారు.

చిత్రీకరణ సాఫీగా జరగలేదు. దర్శకుడు రూపర్ట్ జూలియన్‌కూ చేనీకీ పడలేదు. ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశారు. దర్శకుడు చెప్పినది చేనీకీ, చేనీ జవాబు దర్శకుడికీ ఛాయాగ్రాహకుడు చార్లెస్ వాన్ ఎంగర్ మోస్తుండేవాడు. ఎదురెదురు గదుల్లో ఉండి అటెండరుచేత చీటీలు పంపుకునే అధికారులను మనమూ చూశాం గనుక ఈ ముచ్చట నాకు కొత్తగా అనిపించలేదు. 1925 జనవరిలో ముందుగా కొందరికి చూపిస్తే నచ్చలేదు. మార్చి, కొత్తగా తీసి, ఏప్రిల్‌లో సాన్‌ఫ్రాన్సిస్కోలో చూపించారు. అదీ బాగోలేదని మళ్లీ కత్తిరించారు. చివరికి 1925 సెప్టెంబరు 6న న్యూయార్కులో విడుదలైంది. మొదట తీసిన ముగింపులో ఎరిక్ గుండె పగిలి వాద్యం మీద తల వాల్చి మరణిస్తాడట. జనానికి అది చాలలేదు.

చేనీ ముఖం ఎలా ఉంటుందో విడుదల కాకముందు ఒక్క ఫొటో కూడా బయటకు రానివ్వలేదు. ముక్కుపుటాలు పైకి లాగి అంటించి, వాటి చుట్టూ నల్లరంగు వేసి, దవడ ఎముకలు ఉబ్బెత్తుగా కట్టి, ముందుకు పొడుచుకు వచ్చే పళ్లు తొడిగి, నెత్తికి బట్టతల టోపీ బిగించి, బతికిన మనిషి ముఖాన్ని పుర్రెగా మార్చాడు. ఇది యంత్రాల మాయ కాదు. రోజూ ఉదయం అద్దం ముందు కూర్చుని తన చేతులతో తాను చేసుకున్నది.

ఇప్పటి కళ్లతో చూస్తే ఈ సినిమాలో లోపాలు చాలా ఉన్నాయి. క్రిస్టీన్‌గా వేసిన మేరీ ఫిల్బిన్ ప్రతి చిన్న సంగతికీ చేతులు విదిలిస్తుంది. నాయకుడు కొయ్యబొమ్మ. మధ్యలో హాస్యం కోసం పెట్టిన దృశ్యాలకు మా మనవడు నవ్వలేదు గాని, మనుషుల నడక చూసి నవ్వాడు. నాకు మాత్రం ఒక సౌఖ్యం కలిగింది. ఎవరేమన్నారని పక్కవాణ్ణి అడగనక్కరలేదు. మధ్యమధ్య వచ్చే మాటల అట్టలను, దస్త్రాలు చదివి చదివి అలవాటైన నేను వాడికంటె ముందే చదివేస్తున్నాను.

ముసుగు తీసే ఘట్టం వచ్చింది. ఎరిక్ వాద్యం ముందు కూర్చుని మన వైపు తిరిగి వాయిస్తున్నాడు. క్రిస్టీన్ వెనుకగా వస్తుంది. చేయి చాపుతుంది, భయపడి వెనక్కి తీసుకుంటుంది, మళ్లీ చాపుతుంది. హఠాత్తుగా ముసుగు లాగేస్తుంది. ఇందులో కిటుకు ఏమిటంటే, ఆ ముఖం ఆమెకంటె ముందు మనకు కనపడుతుంది. ఆమె వెనుక ఉంది, ఇంకా చూడలేదు. ఆ తరువాత అతడు గిరుక్కున ఆమె వైపు తిరుగుతాడు. సెల్‌ఫోను చూసుకుంటున్న మనవడు తల ఎత్తి మళ్లీ దించలేదు. నాకు మొదట పుర్రె కనపడింది. మరుక్షణం కనపడింది సిగ్గు. పట్టుబడిన మనిషి సిగ్గు. నోరు తెరిచి ఉంది, అందులోంచి ఏ అరుపు వచ్చిందో మూకీలో మనకు వినపడదు. నాకు వినపడనిది మనవడికీ వినపడలేదు.

మన పెద్దలు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా చెప్పారు. చేనీ ఆహార్యం గురించి ప్రపంచమంతా రాసింది. అతడు నిజంగా గొప్పవాడు ఆంగికంలో అని నా అభిప్రాయం. ఈ సినిమాలో సగం సేపు అతని ముఖం ముసుగులోనే ఉంటుంది. నటించడానికి మిగిలినవి చేతులు, భుజాలు. మేడమీద ప్రేమికులిద్దరూ పారిపోయే ఆలోచన చేస్తుంటే, పైన విగ్రహాన్ని పట్టుకుని వేలాడుతూ అతడు వింటాడు. ఎర్రటి అంగీ గాలికి ఎగురుతుంటుంది. ఏమి విన్నాడో, ఎక్కడ దెబ్బ తగిలిందో వంగిన ఆ వీపే చెబుతుంది.

చివర జనం దివిటీలు పట్టుకుని తరుముకొస్తారు. సేన్ నది ఒడ్డున దారి మూసుకుపోతుంది. ఎరిక్ ఆగి, పిడికిలి బిగించి పైకి ఎత్తుతాడు. చేతిలో బాంబు ఉందనుకుని అంతమందీ ఆగిపోతారు. కొంతసేపు అలా వారిని నిలబెట్టి, మెల్లగా పిడికిలి విప్పి చూపిస్తాడు. అందులో ఏమీ లేదు. నవ్వుతాడు. జనం మీదపడి కొట్టి నదిలో పారేస్తారు. ఉత్త చేతితో ఊరినంతా ఆపిన ఆ అర నిమిషం కోసం నేను సినిమాను మళ్లీ రెండుసార్లు చూశాను. మంచం ముందు నిలబడి ఉత్త చేతులతో తల్లికి ఊరంతా చూపించిన కుర్రవాడి సంగతి అప్పటికి నాకింకా తెలియదు. తెలిసిన తరువాత చూసినది మూడోసారి.

ఈ చిత్రం తరువాత అతడు మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో పెద్ద తార అయ్యాడు. దర్శకుడు టాడ్ బ్రౌనింగ్‌తో కలిసి పలు చిత్రాలు చేశాడు. 1927లో 'ది అన్‌నోన్'లో చేతులు లేనట్లు నటించే సర్కస్‌వాడి వేషం వేశాడు. అదే ఏడాది వచ్చిన 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' ఆఖరి ప్రతి తరువాత ఎన్నో ఏళ్లకు స్టూడియో గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఏ రూపంలోనైనా ఉంటాడని, నేల మీద పాకే పురుగును తొక్కబోతే అది లాన్ చేనీ కావచ్చు జాగ్రత్త అని అమెరికాలో వేళాకోళం ఆడుకునేవారట. 1929లో ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికావారు తమ పధ్నాలుగో ముద్రణలో మేకప్ మీద వ్యాసం అతనిచేతనే రాయించారు. నాలుగో తరగతితో బడి మానినవాడికి ఇది తక్కువ గౌరవం కాదు.

వేయి ముఖాలవాడని పేరు పొందినా, సొంత ముఖాన్ని మాత్రం పత్రికలకు దూరంగానే ఉంచాడు. విందులకు, సభలకు వెళ్లేవాడు కాదు. తీరిక దొరికితే సియెర్రా నెవాడా కొండల్లో సెలయేటి పక్కన రాళ్లతో కట్టించుకున్న చిన్న ఇంటికి చేపలు పట్టుకోవడానికి పోయేవాడు. దానికి నమూనా గీసినవాడు పాల్ రెవెర్ విలియమ్స్ అనే నల్లజాతి శిల్పి. ఆ రాతి ఇల్లు నేటికీ నిలిచి ఉంది. స్టూడియోలో పెద్దలకంటె లైట్లు మోసేవాళ్లతో, వడ్రంగులతో స్నేహం ఎక్కువ. తన మొదటి రోజులు మరచిపోకపోవడం వల్ల కావచ్చు, ఎదగాలని తాపత్రయపడే చిన్న నటులకు సలహా చెప్పేవాడు. తరువాత భయానక చిత్రాల్లో అంత పేరు తెచ్చుకున్న బోరిస్ కార్లాఫ్, పని లేని రోజుల్లో చేనీ తనను కారులో ఎక్కించుకుని ధైర్యం చెప్పిన సంగతి చెబుతుండేవాడు.

1927 నుంచి టాకీలు వచ్చాయి. మూకీల కాలంలో అమెరికాలో బధిరులు అందరితో సమానంగా టిక్కెట్టు కొనుక్కుని సినిమా చూసేవారు. వాళ్లకు అది మంచికాలం. టాకీ రావడంతో ఆ తలుపు మూసుకుపోయింది. 'ఫాంటమ్'కు కూడా కొంతమేర మాటలు, పాటలు చేర్చి 1930లో మళ్లీ వదిలారు. చేనీ అప్పటికి వేరే సంస్థలో ఉండడం వల్ల అతని గొంతు అందులో లేదు. 

చేనీ చాలాకాలం టాకీలకు ఒప్పుకోలేదు. చివరకు తన పాత చిత్రం 'ది అన్‌హోలీ త్రీ'ని 1930లో మాటలతో మళ్లీ తీస్తే అందులో నటించాడు. గొంతు మార్చి ముసలమ్మగా, బొమ్మగా, చిలుకగా, అమ్మాయిగా, అసలు పాత్రగా అయిదు రకాలుగా మాట్లాడాడు. అవి అన్నీ తన గొంతులేనని నోటరీ ముందు అఫిడవిట్ కూడా ఇచ్చాడు. అప్పటికే లోపల జబ్బు ఉంది. 1929లో మంచు ప్రాంతంలో 'థండర్' అనే చిత్రం తీస్తున్నప్పుడు న్యుమోనియా వచ్చింది. దగ్గు తగ్గలేదు. సిగరెట్ల అలవాటు ఎక్కువ. ఊపిరితిత్తుల్లో క్యాన్సరు అని తేలింది. మొదటి టాకీ విడుదలైన కొద్ది వారాలకే ఆసుపత్రిలో చేరాడు. గొంతులో రక్తస్రావమై మాట పడిపోయింది. ఆఖరి రోజుల్లో కావలసినది చిన్నప్పటిలాగా చేతి సైగలతోనే అడిగేవాడు. 1930 ఆగస్టు 26న మరణించాడు. 47 ఏళ్లు. స్టూడియోలో పని ఆపి మౌనం పాటించారు. అంతకు నాలుగేళ్ల ముందు ఒక చిత్రంలో మెరైన్ సార్జెంటుగా నటించినందుకు అమెరికా మెరైన్ దళంవారు అతనికి గౌరవ సభ్యత్వం ఇచ్చి ఉన్నారు. అంత్యక్రియలకు తమ సైనికులను పంపారు.

ఆస్తి సుమారు అయిదున్నర లక్షల డాలర్లు. వీలునామాలో దాదాపు అంతా హేజెల్‌కు రాశాడు. క్లీవాకు ఒక్క డాలరు రాశాడు. వీలునామాల్లో ఇలా నామమాత్రంగా రాయడం ఎందుకో రిజిస్ట్రేషను వ్యవహారాలు ఎరిగినవారికి తెలుసు. మరచిపోయామని రేపు వారు దావా వేయకుండా ఉండడానికి. చట్టానికి అది సరిపోతుంది. నాకు మాత్రం ఆ ఒక్క డాలరు దగ్గర అతని మీద కోపం వచ్చింది, ఇంకా పోలేదు. చేతి సైగలతో మంచినీళ్లు అడుగుతున్న ఆ చివరి రోజుల్లో, పదిహేడేళ్ల క్రితం గొంతు పోగొట్టుకున్న మనిషి ఒకసారైనా జ్ఞాపకం వచ్చిందా అని అనిపించింది. కన్నతల్లి చనిపోయిందనే కొడుకు చాలాకాలం నమ్మాడు. ఆమె బతికే ఉందని అతనికి తరువాత తెలిసింది.

కొడుకును సినిమాల్లోకి రానివ్వడం చేనీకి ఇష్టం లేదు. తండ్రి ఉన్నన్నాళ్లూ క్రైటన్ నీళ్ల హీటర్ల కంపెనీలో పనిచేశాడు. 1932లో సినిమాల్లో చేరి, తరువాత నిర్మాతల బలవంతం మీద లాన్ చేనీ జూనియర్ అని పేరు మార్చుకున్నాడు. 1941లో 'ది వుల్ఫ్ మాన్' చిత్రంతో అతనికీ భయానక పాత్రల ముద్రే పడింది. 1973లో మరణించాడు. తండ్రి జీవితాన్ని 1957లో 'మాన్ ఆఫ్ ఎ థౌజండ్ ఫేసెస్' పేరుతో సినిమాగా తీశారు. జేమ్స్ కాగ్నీ నటించాడు.

'ఫాంటమ్' మూల నెగటివులు ఇప్పుడు లేవు. యూనివర్సల్‌వారు 1948లో తమ పాత మూకీలను పనికిరానివని నాశనం చేశారు. మన భాషలో ఆర్.డిస్. చేయవలసిన ఫైలును ఎల్.డిస్. చేశారన్నమాట. ఇళ్లలో చిన్న ప్రొజెక్టరు మీద వేసుకోవడానికి అమ్మిన 16 మిల్లీమీటర్ల ప్రతులు, రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ మ్యూజియంవారు కాపాడిన ఒక తరువాతి ప్రతి మిగలబట్టి మనం చూడగలుగుతున్నాం. చేనీ సమాధి గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్‌లో, తండ్రి సమాధి పక్కన ఉంది. దాని మీద పేరు చెక్కలేదు.

మనవడు వెళ్లిపోయాక ఈ సినిమాను మా ఆవిడకు కూడా చూపించాను. ముసుగు తీసే చోట కళ్లు మూసుకుంది. నది ఒడ్డున పిడికిలి విప్పే చోట నా వైపు చూసి, తన చేయి విప్పి, ఏమీ లేదా అన్నట్లు తిప్పింది. రాత్రి మాత్రలు వేసుకున్నావా అని నన్ను ఆమె రోజూ అడిగేది కూడా ఇలాంటి సైగతోనే. సినిమా నిడివి సుమారు గంటన్నర. ఇంటర్నెట్ కనెక్షను ఉన్న టీవీలో పిల్లలను అడిగితే పెట్టి ఇస్తారు. చెవి మిషను వాడేవారు దాన్ని తీసి పక్కన పెట్టి చూడవచ్చు, బాటరీ కూడా కలిసివస్తుంది.